మారిపోయిన లావాల పుట్టుచోటు కనుక్కోవడం ఎలా? కుప్పం ఆంఫిబొలైట్లతో ఒక సమగ్ర మార్గదర్శి

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం అనగానే అందరికీ బంగారం గుర్తొస్తుంది. ఆ బంగారపు నాళాలను ఒడిలో పెట్టుకున్న నల్లరాయి గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ రాయి ఆంఫిబొలైట్. సుమారు 270 కోట్ల సంవత్సరాల కిందట అది లావాగా పారింది. తర్వాత భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ గురై, అందులోని ఖనిజాలన్నీ కరగకుండానే కొత్త ఖనిజాలుగా మారిపోయాయి. కర్ణాటక నుంచి చిత్తూరు జిల్లాలోకి దిగే కోలార్ షిస్ట్ బెల్ట్ దక్షిణ భాగం ఇది. మొత్తం బెల్ట్ సుమారు 80 కిలోమీటర్ల పొడవు, కొద్ది కిలోమీటర్ల వెడల్పు ఉన్న సన్నని పట్టీ, దానికి రెండు వైపులా నైస్ శిలలు (గ్రానైట్ లాంటి, చారలున్న రూపాంతర శిలలు).

ఆ లావా ఎక్కడ పారింది? సముద్రం నడిమి రిడ్జ్ (లావా ఉబికే నీటికింది పర్వతశ్రేణి) మీదా, ఒక భూపలక మరొకదాని కిందికి దూరే చోట లేచిన ద్వీపమాలలోనా, సముద్రగర్భంలోని పెద్ద లావా పీఠభూమి మీదా, లేక చీలుతున్న ఖండం మీదా? ఖనిజాలు మారినా కొన్ని మూలకాలు కదలకుండా ఉండిపోతాయి కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు వెతకగలుగుతున్నాం. తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టో పీహెచ్‌డీనో మొదలుపెట్టే విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని, ఆ వెతుకులాట ఏ క్రమంలో సాగాలో ఇక్కడ రాస్తున్నాను. చాలామంది నేరుగా మూడు మూలకాలతో గీసే త్రికోణ పటాల దగ్గరికి వెళ్లిపోతారు. ఈ పనిలో పటాలు చివర్లో వస్తాయి. ఫలితం తప్పిపోవడానికి కారణాలు ఎక్కువగా అంతకుముందే చోటుచేసుకుంటాయి.

1. క్షేత్రంలో నమూనా ఎంచుకోవడం

ముందు పటం గీయండి. ఏ ఆంఫిబొలైట్ పట్టీ దేని పక్కన ఉంది, మధ్యలో ఇనుపరాతి పొరలు ఉన్నాయా, నైస్‌తో కలిసే చోట కోత మండలం (రాళ్లు ఒకదానిమీద ఒకటి జరిగి నలిగిన పట్టీ) ఉందా, ఇవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. కోలార్ బెల్ట్ పడమటి వైపు, తూర్పు వైపు ఆంఫిబొలైట్లు రసాయనికంగా ఒకటి కావని 1980ల నుంచే తెలుసు. రెండు వైపుల రాళ్లనూ ఒకే సంచిలో వేసి సగటు తీస్తే మిగిలేది ఏ రాయికీ చెందని అంకె.

బంగారం కోసం వెళ్లేవాళ్లకు నచ్చే రాయి మన పనికి రాదు. బంగారాన్ని మోసుకొచ్చిన ద్రవాలు బొగ్గుపులుసు వాయువునూ పొటాషియంనూ కూడా తెచ్చి పక్కరాయిలో నింపాయి. క్వార్ట్జ్ నాళం పక్కన నల్లని హార్న్‌బ్లెండ్ పోయి గోధుమరంగు బయోటైట్, తెల్లని కార్బొనేట్ కనబడితే అక్కడినుంచి దూరం జరగండి. పాత గనుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న రాళ్లూ అంతే. అవి ఖనిజ మండలం నుంచి వచ్చినవి, ఏ లోతు నుంచి ఏ చోటి నుంచి వచ్చాయో కూడా చెప్పలేం. లైసెన్సు ఉన్న ప్రాంతమైతే ముందు అనుమతి తీసుకోవాలి.

ఈ ప్రాంతపు ఎర్రనేలల కింద రాయి చాలా లోతు వరకు కుళ్లి ఉంటుంది. కొత్తగా తవ్విన బావి గట్టు, రోడ్డు కోసిన చోటు, రైలు కట్టింగు మంచివి. సమ్మెటతో పగలగొట్టినప్పుడు ఖణేలుమనాలి, కొత్త ముఖం నల్లగా మెరవాలి. తుప్పురంగు తొక్క మొత్తం చెక్కేసి, రెండు మూడు కిలోల శుభ్రమైన ముక్కలు తీసుకోండి. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడండి. బుస్సుమని పొంగితే అందులో కాల్సైట్ ఉంది, వదిలేయడం మేలు. దిండులాంటి గుండ్రని ఆకారాలు కనిపిస్తే అది నీటిలో పారిన లావా అనడానికి బలమైన సాక్ష్యం. ఫొటో తీయండి, కానీ నమూనా దిండు నడిమి భాగం నుంచే తీయండి. అంచులు ఒకప్పుడు గాజు, సముద్రపు నీటితో ఎక్కువగా మారినవి అవే.

ఒక్కో పట్టీ నుంచి కనీసం పదిహేను ఇరవై నమూనాలు కావాలని నా అభిప్రాయం. నాలుగైదు నమూనాలతో ఏ మూలకం కదిలిందో ఏది కదల్లేదో తేలదు. పక్కనున్న నైస్ నమూనాలు కూడా తప్పనిసరి, ఎందుకో తొమ్మిదో భాగంలో తెలుస్తుంది. తిరుమల కొండ పాదాల దగ్గరి గ్రానైట్ సులువుగా దొరుకుతుందని దాన్ని వాడుకోకండి. కుప్పం రాయిని తాకి ఉన్న నైస్ కావాలి.

2. సూక్ష్మదర్శిని కింద

సన్నగా అరగదీసిన ప్రతి శిలాపలకనూ ఓపికగా చూడాలి. పచ్చని హార్న్‌బ్లెండ్ కడ్డీలు ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి, వాటి సందుల్లో ప్లేజియోక్లేజ్ రేణువులు. నల్లని ఇల్మనైట్ చుట్టూ స్ఫీన్ చిన్న అంచులా అల్లుకుని ఉందా? ఉంటే టైటానియం ఖనిజం మార్చుకున్నా రాయిని వదిలిపోలేదని అర్థం. ఎపిడోట్ నాళాలు, క్లోరైట్ మచ్చలు, గార్నెట్ స్ఫటికాలు ఎంతెంత ఉన్నాయో శాతాల్లో రాసుకోండి. మొత్తం ఎపిడోటూ క్వార్ట్జూ మాత్రమే మిగిలిన రాయిని పక్కన పెట్టండి.

3. ఇది నిజంగా లావాయేనా?

సున్నం కలిసిన బంకమట్టి రూపాంతరం చెందినా ఆంఫిబొలైట్ అవుతుంది. కాబట్టి ఈ ప్రశ్న దాటకుండా ముందుకు వెళ్లకూడదు. 1964లో భూవిజ్ఞాని లీక్ చూపిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నిగ్లీ విలువలు (ఆక్సైడ్ల బరువులను అణు నిష్పత్తులుగా మార్చిన అంకెలు) లెక్కగట్టి ఎంజీకి (మెగ్నీషియం వాటా) ఎదురుగా సీ (కాల్షియం వాటా) గీస్తే, అగ్నిశిలలు శిలాద్రవం స్ఫటికీకరించే దారిలో వంపు తిరుగుతాయి, బంకమట్టీ సున్నమూ కలిసిన అవక్షేపాలు దాన్ని అడ్డంగా కోసుకుపోతాయి. దానితోపాటు క్రోమియం, నికెల్ చూడండి. మెగ్నీషియం తగ్గుతున్నకొద్దీ ఈ రెండూ క్రమంగా తగ్గుతూ టైటానియం పెరుగుతుంటే అది శిలాద్రవపు ప్రవర్తన.

4. పొడి చేయడం

చిన్న పనిలా కనబడే ఈ దశలోనే ఎంతో డేటా పాడవుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో నూరితే టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం కలుస్తాయి. ఉక్కు గిన్నె ఇనుమూ క్రోమియమూ ఇస్తుంది. జిర్కోనియా గిన్నె జిర్కోనియం ఇస్తుంది, మన లెక్కలన్నిటికీ ఇరుసు ఆ మూలకమే. అగేట్ గిన్నె వాడండి. ఒక్కో నమూనాకు ముందు శుభ్రమైన క్వార్ట్జ్ నూరి పారేయండి, తర్వాత అదే నమూనా కొద్దిగా నూరి అదీ పారేయండి, ఆపైన అసలు పొడి తీయండి. 200 మెష్ జల్లెడ దాటేంత మెత్తగా ఉండాలి. ప్లాస్టిక్ జల్లెడ ఉంటే ఇత్తడిది ముట్టుకోకండి.

5. ప్రయోగశాలను అడగాల్సినవి

ప్రధాన ఆక్సైడ్లకు ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్ కిరణాలతో కొలిచే పద్ధతి), సూక్ష్మ మూలకాలకు ఐసీపీ-ఎంఎస్ (ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి కొలిచే పద్ధతి) అన్నది ఇప్పటి ఆనవాయితీ. పొడి పంపే ముందే అడగండి: ఆమ్లంలో కరిగిస్తారా, లిథియం బోరేట్‌తో కరగబెడతారా? జిర్కోనియం దాగి ఉండే జిర్కాన్ మొండి ఖనిజం. బల్ల మీది ఆమ్లపాత్రలో పూర్తిగా కరగదు. అప్పుడు జిర్కోనియం, హాఫ్నియం తక్కువగా వస్తాయి, మీరు వాటిని చూసి లేని లోటుకు భౌగర్భిక కథ అల్లుతారు. బోరేట్ పద్ధతిలోగానీ, ఒత్తిడి పాత్రలో పూర్తి కరుగుదలతోగానీ ఈ ప్రమాదం తగ్గుతుంది.

మీ నమూనాల మధ్య తెలిసిన ప్రామాణిక శిలలు బీహెచ్‌వీవో-2, బీఐఆర్-1 పెట్టమనండి. ఒక నమూనాను వేరే పేరుతో రెండోసారి పంపండి. రాయి లేని ఖాళీ పాత్ర కూడా ఒకటి కొలవాలి. బీఐఆర్-1లో నయోబియం, థోరియం చాలా తక్కువ. దాన్ని సరిగ్గా కొలవగలిగిన ప్రయోగశాలే ఈ మూలకాలు తక్కువగా ఉన్న పేదరకం బసాల్ట్‌లను (నల్లని లావా రాళ్లను) సరిగ్గా కొలవగలదు.

6. కదిలినవాటిని, కదలనివాటిని వేరుచేయడం

సోడియం, పొటాషియం, రుబీడియం, బేరియం, స్ట్రాన్షియం, సీసం, యురేనియం నీటితో కొట్టుకుపోతాయి, లేదా వచ్చి చేరతాయి. టైటానియం, జిర్కోనియం, హాఫ్నియం, నయోబియం, టాంటలం, ఇట్రియం, స్కాండియం, లాంథనంతో మొదలయ్యే విరళ మృత్తికలు (రేర్ ఎర్త్ మూలకాలు), మధ్యస్థాయి రూపాంతరం వరకు థోరియం సాధారణంగా నిలుస్తాయి. దీన్ని పుస్తకంలో ఉందని ఒప్పుకోకుండా మీ రాళ్లలోనే పరీక్షించండి. అడ్డగీత మీద జిర్కోనియం, నిలువుగీత మీద ఒక్కో మూలకం. ఒకే లావా కుటుంబమైతే కదలని మూలకాలు సరళరేఖలో వరుసకడతాయి, రుబీడియం బేరియం చిందరవందరగా పడతాయి. బాష్పశీలాల నష్టం, అంటే పొడిని కాల్చినప్పుడు తగ్గే బరువు, నాలుగైదు శాతం దాటిన నమూనాలను విడి రంగుతో గుర్తించండి. సీరియం విలువను దాని ఇరుగుపొరుగుతో పోల్చే నిష్పత్తి 0.9 నుంచి 1.1 మధ్య లేకపోతే తేలికపాటి విరళ మృత్తికలు కూడా కదిలాయని అనుమానించాలి.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. రాయిలోంచి సిలికానో కాల్షియమో వెళ్లిపోతే మిగిలిన బరువులో జిర్కోనియం శాతం తనంతట తాను పెరుగుతుంది. మూలకం కదల్లేదు, అంకె మాత్రం మారింది. అందుకే కదలని రెండు మూలకాల నిష్పత్తిని నమ్ముతాం, విడి అంకెను నమ్మం.

7. పేరు పెట్టడం

సిలికాకు ఎదురుగా మొత్తం క్షారాలు గీసే ప్రసిద్ధ పటం తాజా లావాలది. సోడియం, పొటాషియం కదిలిన రాయికి దాన్ని వాడకూడదు. నయోబియం-ఇట్రియం నిష్పత్తికి ఎదురుగా జిర్కోనియం-టైటానియం నిష్పత్తి గీసే విన్‌చెస్టర్, ఫ్లాయిడ్ల 1977 పటం, పియర్స్ 1996లో సవరించిన రూపంలో వాడండి. ఆర్కియన్ (250 కోట్ల ఏళ్లకు మించి పాతవైన) రాళ్లకు జెన్సెన్ పటం (అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుము-టైటానియంల త్రికోణం) కూడా అక్కరకొస్తుంది. మెగ్నీషియం ఆక్సైడ్ 18 శాతం దాటి, టైటానియం ఆక్సైడ్ 1 శాతం లోపు ఉంటే కొమాటియైట్ (చాలా వేడిగా పారిన, మెగ్నీషియం ఎక్కువున్న పురాతన లావా) అని అనుమానించండి, ఆలివిన్ పోగుపడిన రాయి కాదని నిర్ధారించుకున్నాకే ఆ పేరు పెట్టండి. ఈ పటాలన్నీ ద్రవంగా పారినదాన్నే ఊహిస్తాయి. యూరోపియం ఎక్కువగా ఉన్న రాయిలో ప్లేజియోక్లేజ్ పోగుపడి ఉండవచ్చు, అది పటాల లెక్కలోకి రాదు.

8. నమూనా రేఖలు, ఒక లెక్క

విరళ మృత్తికలను కాండ్రైట్ ఉల్కలతో, మిగతావాటిని ఆదిమ భూప్రావారంతో (భూమి పైపొర కిందున్న మందపాటి పొర తొలినాటి కూర్పుతో) భాగించి రేఖలు గీస్తాం. సన్, మెక్‌డొనో 1989 విలువలు అందరూ వాడేవి. ఒకసారి ఏ పట్టిక ఎంచుకుంటే చివరిదాకా అదే వాడాలి.

లెక్క కోసం ఒక ఊహా నమూనా తీసుకుందాం: థోరియం 1.0, నయోబియం 3.0, లాంథనం 8.0, ఇటెర్బియం 2.4 పీపీఎం (పది లక్షల్లో వంతు). ఆదిమ భూప్రావారంలో థోరియం 0.085, నయోబియం 0.713, లాంథనం 0.687. భాగిస్తే వరుసగా 11.8, 4.2, 11.6 వస్తాయి. థోరియం, లాంథనం విలువలను గుణించి వర్గమూలం తీస్తే 11.7. నయోబియం 4.2ను దానితో భాగిస్తే 0.36. అంటే ఇరుగుపొరుగును బట్టి ఉండాల్సిన నయోబియంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఉంది. రేఖలో అది లోయలా కనిపిస్తుంది.

ఒక పలక మరొకదాని కిందికి దిగేటప్పుడు విడుదలయ్యే ద్రవాలు, కరుగులు థోరియంనూ లాంథనంనూ మోసుకెళ్లి పైనున్న భూప్రావారంలో కలుపుతాయి. నయోబియం మాత్రం రూటైల్ లాంటి ఖనిజాల్లో పలకలోనే ఉండిపోతుంది. అందుకే ఈ లోయను చూడగానే ద్వీపమాల అని రాసేస్తారు. మన ఊహా నమూనాలో థోరియం-ఇటెర్బియం నిష్పత్తి 0.42, నయోబియం-ఇటెర్బియం నిష్పత్తి 1.25. ఇంతే నయోబియం ఉన్న సాధారణ సముద్ర బసాల్ట్‌లో థోరియం నిష్పత్తి 0.1 లోపు ఉంటుంది. ఈ రెండు నిష్పత్తులను ఒకదానికి ఎదురుగా మరొకటి గీసే పియర్స్ 2008 పటంలో ఈ బిందువు సముద్ర బసాల్ట్ పట్టీకి చాలా పైన పడుతుంది.

9. ఆగాల్సిన చోటు: ఖండం కలిసిందా?

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. సాధారణ సముద్రగర్భ బసాల్ట్‌లో థోరియం 0.12, నయోబియం 2.33, లాంథనం 2.5, ఇటెర్బియం 3.05 పీపీఎం. ఖండపు పైపొరలో సగటున థోరియం 10.5, నయోబియం 12, లాంథనం 31, ఇటెర్బియం 2. ఇప్పుడు 90 పాళ్ల బసాల్ట్‌లో 10 పాళ్ల ఖండాన్ని కలపండి. థోరియం 1.16, నయోబియం 3.3, లాంథనం 5.35, ఇటెర్బియం 2.94 వస్తాయి. థోరియం-ఇటెర్బియం నిష్పత్తి 0.39, నయోబియం-ఇటెర్బియం 1.12, నయోబియం ఉండాల్సినదానిలో 0.45 వంతు మాత్రమే. పై ఊహా నమూనా పక్కనే పడింది. ఏ పలకా ఎక్కడా కిందికి దిగలేదు. వేడి లావా పైకి వస్తూ దారిలోని గ్రానైట్‌ను కాస్త కరిగించుకుంది, అంతే.

కోలార్ బెల్ట్ రెండు వైపులా నైస్ ఉంది కాబట్టి ఇది పుస్తకాల అనుమానం కాదు. కొమాటియైట్ అయితే ఇంకా జాగ్రత్త. అంత వేడి ద్రవం పక్కరాయిని సులువుగా కరిగిస్తుంది.

ద్వీపమాల లక్షణాన్నీ ఖండం కలిసిన కలుషితాన్నీ విడదీయడానికి నేను నమ్మే దారులు ఇవి. మొదటిది, ఒకే పట్టీలోని నమూనాల వరుస. పక్కరాయి కలిసినకొద్దీ ప్రభావం పెరుగుతుంది కాబట్టి, మెగ్నీషియం తగ్గి సిలికా పెరుగుతున్నకొద్దీ నయోబియం లోటు లోతవుతుంటే కలుషితం వైపు మొగ్గాలి. అన్ని నమూనాలూ, మెగ్నీషియం ఎక్కువున్నవీ తక్కువున్నవీ, దాదాపు ఒకే లోటు చూపిస్తే మూలంలోనే ఆ లక్షణం ఉందని చెప్పే బలం వస్తుంది. రెండోది, పియర్స్ పటంలో ఆకారం. ద్వీపమాల నమూనాలు తరచూ సముద్ర పట్టీకి సమాంతరంగా పైన వరుసగా ఉంటాయి, కలుషితమైనవి ఏటవాలుగా నైస్ వైపు పైకెక్కుతాయి. మీరు సేకరించిన నైస్ విలువలను అదే పటంలో పెట్టి కలిపే రేఖ గీయండి, ప్రపంచ సగటుతో సరిపెట్టుకోకండి. మూడోది నియోడిమియం ఐసోటోపులు. పాత ఖండం కలిస్తే వయసుకు సవరించిన ఎప్సిలాన్ విలువ (నియోడిమియం ఐసోటోపుల నిష్పత్తి కాండ్రైట్ నుంచి ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె) కిందికి జారి, లోటుతో పాటు కదులుతుంది. ఖండం అప్పుడే పుట్టిన కొత్తదైతే ఈ పరీక్ష మౌనంగా ఉండిపోతుందని గుర్తుంచుకోండి. లావా నుంచి తన వయసు కంటే పాత జిర్కాన్లు దొరికితే ఆ సాక్ష్యం సూటిగా మాట్లాడుతుంది.

మీ విధానాన్ని పరీక్షించుకోవడానికి మంచి నమూనాలు ఇంటి దగ్గరే ఉన్నాయి. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్‌ను చీల్చుకు వెళ్లిన నల్లని డోలరైట్ డైకులు ఖండం లోపల చొచ్చుకొచ్చినవి. వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అని కోసి పంపే రాళ్లు చాలావరకు ఈ జాతివే. ప్రపంచంలోని ఇలాంటి ఖండం లోపలి డైకుల్లో నయోబియం లోటు తరచూ కనిపిస్తుంది. మీ పద్ధతి వీటిని కూడా ద్వీపమాల లావాలని చెబితే, కుప్పం ఆంఫిబొలైట్ల గురించి అది చెప్పేదాన్ని అప్పుడే నమ్మకండి.

10. ఇప్పుడు పటాలు

పియర్స్, కాన్ 1973 టైటానియం-జిర్కోనియం-ఇట్రియం త్రికోణం, వుడ్ 1980 థోరియం-హాఫ్నియం-టాంటలం త్రికోణం, మెషెడే 1986 నయోబియం-జిర్కోనియం-ఇట్రియం త్రికోణం, షెర్వైస్ 1982 టైటానియం-వెనేడియం పటం ఎక్కువగా కనిపించేవి. టంగ్‌స్టన్ గిన్నెలో నూరినవారు వుడ్ పటం జోలికి వెళ్లకూడదు.

షెర్వైస్ పటంలో ఒక ప్రమాణ మార్పు ఉంటుంది. టైటానియం ఆక్సైడ్ 1 శాతం అంటే టైటానియం 5,995 పీపీఎం. వెనేడియం 300 ఉంటే నిష్పత్తి 20. 20 లోపు ద్వీపమాల, 20 నుంచి 50 వరకు సముద్రగర్భ బసాల్ట్ అన్నది స్థూల విభజన. ఆక్సిజన్ ఎక్కువగా అందిన శిలాద్రవంలో వెనేడియం ఖనిజాల్లో చిక్కుకోకుండా ద్రవంలో మిగలడం దీని వెనకున్న కారణం. ఆ కారణం తెలిసినవారు 20.3, 19.8 అనే బిందువులను రెండు వేర్వేరు ప్రపంచాలుగా చదవరు.

ఈ పటాల సరిహద్దులన్నీ ఇటీవలి కాలపు లావాలతో గీసినవి. 270 కోట్ల సంవత్సరాల కిందట భూప్రావారం ఇప్పటికంటే వేడిగా ఉండేది, ఎక్కువ భాగం కరిగేది. అందుకే రాయి ఏ గడిలో పడిందన్నదానికంటే, ఏ ప్రక్రియ దాన్ని అక్కడికి తోసిందన్నదే రాయండి. లోతులో గార్నెట్‌తో పాటు కరిగిందా అన్నదానికి టైటానియం-ఇటెర్బియం నిష్పత్తి మంచి సాక్షి. గార్నెట్ ఇటెర్బియంను పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ నిష్పత్తి పెరుగుతుంది.

11. వయసు, ఇరుగుపొరుగు

లావాల మధ్య దొరికే ఆమ్ల (సిలికా ఎక్కువున్న) అగ్నిపర్వత శిలల జిర్కాన్లతో యురేనియం-సీసం వయసు తీయడం అన్నిటికంటే నమ్మదగినది. సమేరియం-నియోడిమియం ఐసోక్రోన్ (నమూనాల ఐసోటోపు నిష్పత్తులు కట్టే సరళరేఖ వాలును బట్టి వయసు తీసే పద్ధతి) కూడా వాడతారు. సమేరియం-147 అర్ధాయువు సుమారు 10,600 కోట్ల సంవత్సరాలు కాబట్టి మార్పు చాలా చిన్నది, కొలత చాలా సూక్ష్మంగా ఉండాలి. రెండు పదార్థాలు కలిసినా సరళరేఖే వస్తుంది. ఆ రేఖను వయసని పొరబడకుండా, నియోడిమియం గాఢత విలోమానికి ఎదురుగా కూడా గీసి చూడండి.

తర్వాత రసాయనాన్ని క్షేత్రంలో చూసినదాని పక్కన పెట్టాలి. లావాల మీద ఇనుపరాతి పొరలే ఉన్నాయా, ఖండం నుంచి కొట్టుకొచ్చిన ముతక ఇసుక ఉందా? ద్వీపమాలైతే బసాల్ట్‌తో పాటు దానికంటే సిలికా ఎక్కువున్న ఆండెసైట్, డేసైట్ లావాలు ఉండాలి. అవి లేకుండా వేల మీటర్ల బసాల్ట్ మాత్రమే ఉంటే మరో వివరణ వెతకాలి.

12. నిర్ధారణను రాసే తీరు

కోలార్ దగ్గర ఈ పద్ధతి ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడండి. పడమటి, తూర్పు ఆంఫిబొలైట్ల విరళ మృత్తికల రేఖలు, సీసం, నియోడిమియం ఐసోటోపులు వేరువేరు భూప్రావార మూలాలను సూచించాయి. రెండు వైపుల నైస్‌ల చరిత్ర కూడా వేరని వయసులు చెప్పాయి. వీటన్నిటినీ కలిపి, సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట రెండు వేర్వేరు భూఖండాలు ఇక్కడ కలిశాయని, ఈ బెల్ట్ ఆ అతుకు అని 1989లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించారు. ఒక్క త్రికోణంలో పడిన బిందువులతో ఆ మాట పుట్టలేదు. నాలుగు రకాల సాక్ష్యాలు ఒకే వైపు చూపించాక పుట్టింది.

మీ సిద్ధాంత గ్రంథంలో కనీసం రెండు పోటీ వివరణలను పక్కపక్కన పెట్టండి. ఒక్కోదాని కింద దాన్ని బలపరిచే విలువ, దానికి అడ్డొచ్చే విలువ రాయండి. పక్కన పెట్టిన నమూనాలను కూడా పట్టికలో ఉంచి ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాయండి. ప్రామాణిక శిలల్లో మీ ప్రయోగశాలకు వచ్చిన అంకెలు, నూరిన గిన్నె రకం, కరిగించిన పద్ధతి, జీపీఎస్ స్థానాలు అనుబంధంలో చేర్చండి. మిగిలిన పొడులను పేర్లు రాసి సీసాల్లో భద్రపరచండి. రేపు మరొకరు అవే రాళ్ల హాఫ్నియం ఐసోటోపులు కొలవాలంటే కొండకు మళ్లీ వెళ్లనవసరం లేకుండా ఆ పొడే సరిపోతుంది.